ఎడమచేతి చుక్క

బ్లూయెట్ కలామ్‌ది పుట్టినప్పట్నుంచీ ఎడమచేతి వాటం. బళ్ళో పంతులమ్మ ఆ చేతిని బల్లకి కట్టేసి మరీ కుడిచేత్తో రాయించింది. రాత కుడిచేతికి అలవాటైంది గానీ పని మాత్రం ఎడమచేతిని వదిలిపెట్టలేదు. కత్తీ, సూదీ, చీపురూ, ఆఖరికి గడియారాల డయళ్ళ మీద చీకట్లో వెలిగే రంగు పెట్టే గాజుపుల్లా, అన్నీ ఆ చేతివే. స్విట్జర్లాండ్‌లో గడియారాలకి పేరుపడ్డ ఊరు లా షో-ద-ఫోన్‌లో ఆ రంగుపని చేసిన ఆడవాళ్ళు ఒకప్పుడు ఏ వీధిలో చూసినా ఉండేవారు. ఎడమచేత్తో చేసింది తనొక్కతే. అప్పట్లో అది ఫ్యాక్టరీలో అందరికీ నవ్వులాట. ఇప్పుడు ఆ చేతిని వెతుక్కుంటూ జెనీవా నుంచి ఒకాయన కారేసుకుని వచ్చాడు.

మంగళవారం మధ్యాహ్నం. మొదటి మంచు పడి వీధి సగం తెల్లగా సగం బురదగా ఉంది. వచ్చినాయన పేరు సెద్రిక్ మొన్నియే. నలభై లోపు మనిషి, మెడలో ఖరీదైన ఉన్ని మఫ్లర్. పాత గడియారాల్ని వేలం వేసేవాళ్ళ దగ్గర పనిచేస్తాడు. ఏ గడియారం ముఖం అసలుది, ఏది తర్వాత ఎవరో రంగులద్ది ముస్తాబు చేసింది తేల్చిచెప్పడం ఆయన ఉద్యోగం. మూడంతస్తులూ ఎక్కి గుమ్మంలో నిలబడి, ఆయాసం తీరకుండానే, "మేడమ్ కలామ్ మీరేనా అండీ? మీకోసం ఊరంతా జల్లెడ పట్టాను" అన్నాడు.

"జల్లెడలో మిగిలింది మేమిద్దరమే బాబూ. తక్కినవాళ్ళంతా శ్మశానానికి చేరారు. రండి, బూట్లు దులుపుకుని రండి" అంది గుమ్మానికెదురుగా కుర్చీలో కూర్చున్న నెల్లీ.

నెల్లీ బ్లూయెట్‌కి ఆడపడుచు. పెళ్ళి చేసుకోలేదు. కింది అంతస్తులో ఉంటుంది. ఉంటుందనేగానీ పొద్దున్నే కాఫీకని పైకెక్కితే మళ్ళీ రాత్రి సూప్ తాగాకే దిగుతుంది. చెవులు పోయి చాలాకాలమైంది. చెవి మిషన్ కొనిస్తే సొరుగులో పడేసి, "వినాల్సినవన్నీ వినేశాను" అంటుంది. ఎదురుగా ఉన్నవాళ్ళ పెదాలు చూసి మాట పట్టేస్తుంది. పక్కగదిలో పిడుగు పడితే మాత్రం ఉలకదు.

ఫ్యాక్టరీ డయళ్ళు ఇంటికి తెచ్చుకుని రంగు పెట్టిన ఉత్తరపు కిటికీ కింది పనిబల్ల ఇంకా అలాగే ఉంది. దాని మీద ఇప్పుడు జెరేనియం కుండీలు. బ్లూయెట్ వాటిని ఒకవైపుకి జరిపింది. మొన్నియే ఆకుపచ్చ గుడ్డ పరిచి, దాని మీద ఒక గడియారం పెట్టి, అద్దం ఊడదీశాడు. పాత క్రోనోగ్రాఫ్, పందెం పరుగుల సమయం కూడా కొలిచే రకం. పక్కన రెండు మీటలు, తెల్లటి డయల్ మీద ఇటొకటీ అటొకటీ రెండు చిన్న డయళ్ళు, అంచు చుట్టూ కారు వేగం లెక్కపెట్టుకునే నల్లటి సన్నగీతలు. గంట గంటకీ ఒక చుక్క, పన్నెండు దగ్గర మాత్రం రెండు. చీకట్లో వెలగాల్సిన ఆ చుక్కలన్నీ ఇప్పుడు కాఫీలో ముంచిన రొట్టె రంగులో ఉన్నాయి.

"ఎవరి చెయ్యో చెప్పగలరేమోనని" అన్నాడు.

బ్లూయెట్ భూతద్దం కంటికి పెట్టుకుంది. ఈమధ్య చేతులు వణుకుతున్నాయి, కప్పు సాసర్లో పెడితే గలగలమంటుంది. చిత్రంగా భూతద్దం కంట్లో పడేసరికి వణుకు ఆగిపోయింది. ఊపిరి బిగబట్టి గడియారాన్ని వేలితో నెమ్మదిగా తిప్పుతూ పన్నెండు నుంచి ఒకటికి, ఒకటి నుంచి రెండుకి వెళ్ళింది.

"మూడు దగ్గర చూడండి. ఇక్కడ చిన్న డయల్ అడ్డం వస్తుంది. చుక్కకి చోటుండదు. సగం చుక్కే పెట్టాలి, అదీ గీతకి తగలకుండా. తగిలితే ఫోర్మన్ జాకో డయల్ వెనక్కి తోసేసేవాడు. తొమ్మిది దగ్గరా అంతే. ఆ రెండు సగం చుక్కలూ పెట్టేసరికి ప్రాణం పోయేది" అంది.

"మరి తోక?"

ఆమె తలెత్తి చూసింది. "తోక సంగతి మీకెవరు చెప్పారు?"

"మీతో పాటు పనిచేసిన ఒకావిడ. ఆమె కూడా పోయింది. చుక్క పెట్టి పుల్ల ఎత్తేటప్పుడు రంగు కొంచెం సాగి తోకలా నిలుస్తుందనీ, అందరి తోకా కుడివైపు ఉంటే బ్లూయెట్ తోక మాత్రం ఎడమవైపు ఉండేదనీ చెప్పింది."

బ్లూయెట్ మళ్ళీ వంగి చూసింది. ఈసారి ఎక్కువసేపు చూడలేదు.

"నాదే" అంది. "ఇది నా చెయ్యే."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం విప్పారింది. నెల్లీ అది చూసి, "మహామహా చిత్రకారులు బొమ్మ కింద సంతకాలు పెడతారు. మా వదిన తోకలు పెట్టింది" అంది. ముగ్గురూ నవ్వారు. బ్లూయెట్ కాఫీ పోసింది. పనికిమాలిన ముసలితనంలో ఒకరు వచ్చి నీ చేతిపని కోసం వెతికాను అంటే ఎవరికైనా ఒళ్ళు పొంగుతుంది. ఆమెకీ పొంగింది. డయల్ మీద ఆరు గంటల చుక్క కింద ఉన్న బుల్లి అక్షరాల్ని కూడా ఉత్సాహంగా తనే చూపించింది. 'స్విస్' అన్న మాటకి అటొక 'టి', ఇటొక 'టి'.

"ఇదుగోండి, ఈ 'టి' గుర్తు కొత్త రంగుకి, ట్రిటియానికి. ఇది పడినప్పట్నుంచీ రేడియం ఆపేశారు. రేడియం ఎముకలకి చెడ్డదని పైనుంచి ఆర్డరొచ్చింది కదా. జాకో మొదటి కుండ తెచ్చినప్పుడు, మేడమ్, ఇక భయం లేదు, దీన్ని రొట్టె మీద రాసుకుని తిన్నా ఏం కాదు అన్నాడు."

ఆ మాట ఆమె ఎప్పుడూ అంటుంటుంది. ఎవరూ అడక్కపోయినా అంటుంది. ఊళ్ళో రంగుపని జరిగిన పాత ఇళ్ళకి అధికారులు వచ్చి నేలచెక్కలు పెకలించి తీసుకుపోతున్నారని పేపర్లో పడ్డ దగ్గర్నుంచీ మరీ ఎక్కువగా అంటోంది. పేపరు మడిచి పొయ్యిలో పెడుతూ, నేను పెట్టింది 'టి' రంగు, అని తనలో తను అనుకుంటుంది. ఎందుకంటే ఆ రంగుతో ఆమె పెట్టినవి డయళ్ళ మీద చుక్కలొక్కటే కాదు. చీకటంటే దడుచుకునే కూతురు మిరెయ్ కోసం, కొత్త రంగు వచ్చిన మొదటి శీతాకాలంలో, దాని అయిదో పుట్టినరోజున, మంచం తలవైపు చెక్క మీద ఒక నక్షత్రం కూడా పెట్టింది. మిరెయ్ పదకొండో ఏట ఎముక జబ్బుతో పోయింది. ఎందుకొచ్చిందండీ అంటే, ఇలాంటివి వస్తాయంతే అన్నాడు డాక్టరు. ఆ 'అంతే' అన్న మాటనీ, ఆ 'టి' గుర్తునీ పట్టుకునే బ్లూయెట్ ఇంతకాలం అన్నం తిని నిద్రపోగలిగింది.

నెల్లీ కాఫీ తాగి కుర్చీలోనే కునుకు తీస్తోంది. మొన్నియే సంచిలోంచి పసుపుపచ్చ డబ్బా ఒకటి తీశాడు.

"అసలు తమాషా ఇక్కడుంది మేడమ్. రేడియం కిరణాల్ని కొలిచే ఈ యంత్రానికి మీరన్న కొత్త రంగు అందదు. దాని బలం అంత తక్కువ. రేడియం ఉంటే మాత్రం ఊరుకోదు. వినండి."

మీట నొక్కాడు. డబ్బా టిక్కుమంది. కాసేపాగి మళ్ళీ టిక్కుమంది. సరిగ్గా బిగించని కుళాయి ఎక్కడో కారుతున్నట్టు ఉంది. దాన్ని డయల్ మీదికి తెచ్చాడు. మరుక్షణం పేలాలు వేగినట్టు చిటపటలాడింది.

ఆయన ముఖం వెలిగిపోతోంది.

"విన్నారా? గుర్తేమో 'టి'. రంగేమో పాత రేడియం. ఫ్యాక్టరీవాళ్ళు కొత్త గుర్తుతో డయళ్ళు ముందే అచ్చు వేయించేశారు. గిడ్డంగిలో పాత రంగు కుండలు మిగిలిపోయాయి. పారబోయడానికి మనసొప్పక, అవి అయిపోయేదాకా వాటినే మీ చేత పెట్టించారు. ఒక్క శీతాకాలం జరిగి ఉంటుంది ఆ వ్యవహారం. ఇలాంటివి నేను వినడమే గానీ చూడటం ఇదే మొదలు. ఇంకో గుర్తు కూడా ఉంది చూడండి." పెన్ను కొసతో డయల్ మీద ఒకచోట చూపించాడు. ముల్లు ఆగిపోయి ఏళ్ళ తరబడి నిలబడ్డ చోట, తెల్లరంగు మీద ముల్లు ఆకారంలోనే గోధుమరంగు నీడ. "రేడియం పక్కన ఏది ఉన్నా కాల్చేస్తుంది. కాగితమైనా సరే. కొత్త రంగుకి ఈ గుణం లేదు."

బ్లూయెట్ భూతద్దం కంటినుంచి తీయలేదు.

"తర్వాత్తర్వాత ఎవరైనా పాత రంగు పూసి ఉండొచ్చుగా బాబూ? రిపేర్లు చేసేవాళ్ళు?"

"భేషుగ్గా ఉండొచ్చు. అదే కదా నా భయం. అందుకే మీదాకా వచ్చాను. మీరు చూసి నా చెయ్యే అన్నారు. ఇక ఏ సందేహమూ లేదు."

డబ్బా ఇంకా చిటపటలాడుతూనే ఉంది. ఆయన దాన్ని ఆపి, గడియారాన్ని గుడ్డలో చుట్టి, శుక్రవారం కెమెరా తెచ్చుకుంటాననీ, ఆ ఎడమచేతిని గాజుపుల్లతో సహా ఫొటో తీసుకుంటాననీ చెప్పి, రెండుసార్లు థాంక్స్ చెప్పి వెళ్ళాడు. మెట్ల మీద ఈలపాట వినబడింది. పాపం, ఆయన తప్పేముంది. ఆయనకి దొరికింది పెన్నిధి.

బుధవారం బ్లూయెట్ ఆ గదివైపు పోలేదు. వంటిల్లు కడిగింది. కడిగిన వంటిల్లే మళ్ళీ కడిగింది. బంగాళాదుంపలు ఒలుస్తూ వేలు తెగితే కుళాయి కింద పెట్టి, రక్తం ఆగినా అలాగే నిలబడిపోయింది. నెల్లీ కిస్మిస్ రొట్టె పట్టుకొచ్చి, దళసరి ముక్కలు కోసి వెన్న రాస్తూ ఎదురుగా కూర్చుంది.

"ఏమే వదినా, ఫొటో అనేసరికి బెంగపెట్టుకున్నావా? జుట్టు చుట్టించుకో. వీధి మూల సెలూన్లో అమ్మాయి బాగా చుడుతుంది."

"చేతినే తీస్తాడట. జుట్టెందుకు."

"చేతికి గోళ్ళన్నా కత్తిరించుకో మరి." నెల్లీ ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలింది. తర్వాత, ముక్కని చూస్తూ అడిగింది. "నిన్న ఆ పసుపు డబ్బా ఏమిటి? నేను లేచేసరికి సంచిలో పెట్టేస్తున్నాడు."

"గడియారాలు పరీక్ష చేసేది."

"ఏం పరీక్ష? విషం పరీక్షేనా? పేపర్లో బొమ్మ వేశారు, అలాంటిదే పట్టుకుని కింద వీధిలో అందరిళ్ళకీ తిరుగుతున్నారట." నెల్లీ ముక్క కింద పెట్టేసింది. "వదినా, నాకు కొన్నాళ్ళుగా నిద్ర పట్టట్లేదు. నీతో అనలేదు."

బ్లూయెట్ గిన్నె తుడుస్తోంది.

"ఇటు తిరిగి చెప్పు, నాకు నీ వీపు వినపడదు. ఆ నక్షత్రం రంగు తెచ్చింది నేనే కదే. వారం చివర కుండలు ఫ్యాక్టరీకి తిరిగిచ్చే పని నాదేగా. అడుగున మిగిలింది మూతలో ఒంపి దాచి తెచ్చాను. జాకో చూస్తే ఉద్యోగం పోయేది. పిల్ల చీకట్లో ఏడుస్తోందని తెచ్చాను. నువ్వు గీశావు. ఆ రాత్రి దీపం ఆర్పగానే అది ఎలా చప్పట్లు కొట్టిందో నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. అప్పుడు వినపడేది నాకు. నా బతుక్కి నేను చేసిన మంచిపని ఏదైనా ఉందంటే అదొక్కటే వదినా. అది మంచిదేగా?"

బ్లూయెట్ గిన్నె పెట్టి ఇటు తిరిగింది. నెల్లీ కళ్ళు ఆమె పెదాల మీదే ఉన్నాయి.

"కొత్త రంగేగా. 'టి' గుర్తుంది కదా" అంది బ్లూయెట్. అలవాటైన మాట, నోరు దానంతటదే పలికింది.

"అదే నేనూ అనుకుంటున్నా. కానీ శుక్రవారం ఆయన డబ్బాతో వస్తాడుగా, ఓసారి పెట్టి చూడమందాం. ఏం లేదని తెలిసిపోతే పీడ పోతుంది. ఏమంటావ్?"

వద్దంటే ఎందుకు వద్దంటుంది. ఏ కారణం చెబుతుంది.

"సరే" అంది.

గురువారం నెల్లీ జుట్టు చుట్టించుకోవడానికి వెళ్ళింది, ఫొటో తనది కాకపోయినా. అప్పుడు బ్లూయెట్ గది తలుపు తీసింది. వారం వారం దుమ్ము దులిపే గదే. తెల్లరంగు వేసిన చిన్న మంచం, మడతపెట్టిన దుప్పటి, గోడకి భర్త మార్సెల్ కొట్టిన చెక్క అల్మరా. తలవైపు చెక్క మీద నక్షత్రం కనిపించదు. కూతురు పోయినప్పుడు, దాన్ని గీకేయనూ లేక చూడనూ లేక, మిరెయ్‌కి సండే స్కూల్లో ఇచ్చిన గొర్రెపిల్లల బొమ్మకార్డు ఒకటి దాని మీద పిన్నులతో కొట్టేసింది. దుమ్ము దులిపేటప్పుడు కార్డు మీద గుడ్డ ఆడిస్తుందేగానీ ఎన్నడూ కదిలించలేదు.

ఆమె మంచం మీద కూర్చుంది. గోటితో ఒక పిన్ను లేపింది. తుప్పు పట్టి ఉంది, రాలేదు. వంటింట్లోంచి చెంచా తెచ్చి, దాని కాడతో నాలుగూ ఊడదీసింది. కార్డు చేతికొచ్చింది. వెనక్కి తిప్పింది.

కార్డు వెనక తెల్లగా ఉండాలి. మధ్యలో నక్షత్రం ఉంది. ఎవరూ గీయలేదు. గోధుమరంగులో, అంచులు కాలినట్టు, మొన్న డయల్ మీద ముల్లు నీడ ఎలా ఉందో అలాగే ఉంది.

బ్లూయెట్ కార్డుని ఒళ్ళో పెట్టుకుని చెక్క మీది నక్షత్రాన్ని చూసింది. దానికి అయిదు కొమ్మలుండాలి. నాలుగే ఉన్నాయి. దిండువైపుకి వంగిన కొమ్మ అరిగి, కింది చెక్క నున్నగా బయటపడింది. ఆ కొమ్మ ఎలా పోయిందో ఆమెకి తెలుసు. మరిచిపోయిందీ లేదు. మిరెయ్‌కి బొటనవేలు చప్పరించే అలవాటు. పడుకుని, ఆ వేలితో నక్షత్రం కొమ్మని రుద్దుకుని, మళ్ళీ వేలు నోట్లో పెట్టుకునేది. రుద్దడం, చప్పరించడం, రుద్దడం, అలాగే నిద్రపోయేది. తను దుప్పటి కప్పుతూ, "ఏమే, నీ నక్షత్రాన్ని నువ్వే తినేస్తున్నావా" అని వెక్కిరించేది. పిల్ల నోట్లో వేలుతోనే నవ్వేది.

ఎన్నిసార్లు అందో ఆ మాట. ఒకసారి కూడా చెయ్యి పట్టుకుని ఆపలేదు. ఎందుకాపుతుంది, రొట్టె మీద రాసుకుని తినొచ్చన్నారు.

మెట్ల మీద నెల్లీ కర్ర చప్పుడు వినబడింది. బ్లూయెట్ కార్డుని ఎప్పుడూ ఉండే చోటే పెట్టి, తుప్పు పిన్నుల్ని పాత కన్నాల్లోకి బొటనవేలితో నొక్కింది. ఒకటి వేల్లో గుచ్చుకుంది. బయటికొచ్చి, "బాగా చుట్టింది, పదేళ్ళు తగ్గావు" అని నెల్లీతో అంది.

శుక్రవారం మంచు ఎక్కువ పడింది. మొన్నియే చెప్పిన సమయానికే వచ్చాడు, కెమెరా, దీపం, స్టాండు మోసుకుని. ఒక పెట్టెడు చాక్లెట్లు కూడా తెచ్చాడు. నెల్లీ ఆయన్ని కూర్చోనివ్వలేదు.

"ఫొటో తర్వాత బాబూ. ముందు మాకో సాయం చెయ్యాలి. ఆ గది ఎముక జబ్బుతో పోయిన మా మేనకోడలిది. మంచం మీద మేము పెట్టిన నక్షత్రం ఉంది, కార్డు కింద. మీ డబ్బా పెట్టి చూడండి. అది మంచిదో కాదో చెప్పండి."

"నక్షత్రమా?"

"ఒక శీతాకాలం పెట్టాం. కొత్త రంగు వచ్చిందన్నప్పుడు. ఫ్యాక్టరీ కుండలోదే. పిల్లకి చీకటి భయం."

మొన్నియే ముఖంలో నవ్వు సగంలో నిలిచిపోయింది. ఆయన చూపు ముందుగది గోడకున్న ఫొటో మీదికి వెళ్ళింది. పొట్టిజడల పిల్ల, చంకలో చిన్న ఊతకర్ర. అక్కణ్ణుంచి బ్లూయెట్ మీదికి వచ్చింది. బ్లూయెట్ చేతులు ఏప్రన్ కింద పెట్టుకుని నిలబడి ఉంది.

"చూడండి బాబూ" అంది ఆమె. "ఆవిడ తృప్తి కోసం."

ఆయన డబ్బా తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. నేను రాలేను, పిల్ల పోయాక ఆ గదిలో కాలు పెట్టలేదు, అంటూ నెల్లీ కుర్చీలోనే చేతులు ముడుచుకుని, తలుపు మీదే కళ్ళు పెట్టుకుని కూర్చుంది. బ్లూయెట్ వంటింట్లోకి వెళ్ళి కాఫీకి నీళ్ళు పెట్టింది. వంటింటికీ ఆ గదికీ మధ్య ఉన్నది చెక్క గోడ. మిరెయ్ జ్వరంతో మూలిగినా ఆ గోడలోంచే వినబడేది.

మొదట నిశ్శబ్దం. ఒక టిక్కు. ఇంకో టిక్కు. ఆయన అడుగులు. తర్వాత చిటపట మొదలైంది. డయల్ మీద విన్నదాని కంటే దట్టంగా, ఎడం లేకుండా. బ్లూయెట్ పొయ్యి అంచు పట్టుకుంది. ఆయన ఆ డబ్బాని ఎంతసేపని అలా పట్టుకుంటాడో, ఎందుకు ఆపడో. ఆపాడు. కింద వీధిలో మంచు తీసే బండి పోతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆయన మాత్రం వెంటనే బయటికి రాలేదు.

వచ్చాక సూటిగా నెల్లీ ముందుకి వెళ్ళి, వంగి, ఆమెకి తెలిసేలా పెదాలు విడమర్చి చెప్పాడు. "ఏమీ లేదు మేడమ్. డబ్బా చప్పుడే చేయలేదు. కొత్త రంగే అది."

నెల్లీ కళ్ళు మూసుకుంది. మూసుకున్న కళ్ళలోంచి నీళ్ళు కారి చెంపల మీదికి వచ్చాయి. తుడుచుకోలేదు. "చెప్పానా వదినా" అని గట్టిగా అరిచింది వంటింటివైపు. "కొత్త రంగేనట. నేను చెప్పానా లేదా. ఇన్నాళ్ళూ అనవసరంగా నా ప్రాణం తోడేసుకున్నాను. రొట్టె కొయ్యవే, నాకు ఆకలేస్తోంది."

"కోస్తున్నా" అంది బ్లూయెట్. ఆ మాట నెల్లీకి వినబడదని తెలుసు.

మొన్నియే ట్రే అందుకునే వంకతో వంటింట్లోకి వచ్చాడు. చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. ఆమె రొట్టె కోస్తోంది. కత్తి ఎడమచేతిలో ఉంది.

"మేడమ్" అన్నాడు గొంతు తగ్గించి.

"గోడ పల్చన బాబూ."

ఆయన తల వంచుకున్నాడు. "దానివల్లే అని ఎవరూ చెప్పలేరండీ. ఆ జబ్బు ఏ రంగూ ఎరగని పిల్లలకీ వస్తుంది" అన్నాడు.

"దానివల్ల కాదనీ ఎవరూ చెప్పలేరుగా."

ఆమె ముక్కల్ని పళ్ళెంలో సర్దింది. సర్దిన ముక్కల్ని మళ్ళీ సరిచేసింది.

"మీరు నెల్లీకి చెప్పింది మంచి మాట. దాని పాపం ఏముంది, ప్రేమకొద్దీ తెచ్చింది. గీసింది నేను. వేలు నోట్లో పెట్టుకుంటుంటే చూసి నవ్వింది నేను. మీరు జన్మలో దాని చెవిన వెయ్యనని నాకు మాటివ్వండి."

"ఇచ్చాను." ఆయన జేబుల్లోంచి చేతులు తీశాడు. "మేడమ్, మనం ఇది మానేద్దాం. ఫొటో వద్దు. ఎవరి చెయ్యో తెలియదని రాసేస్తాను. రంగు తర్వాత ఎవరో పూసి ఉండొచ్చని కూడా రాస్తాను. గడియారం దారి గడియారానిది. మీ పేరు ఎక్కడా రాదు. మీరు నా చెయ్యి కాదని ఒక్క మాటంటే చాలు."

ఒక్క మాటే. అది తన చెయ్యి కాకపోతే ఆ రంగు ఆ శీతాకాలానిది కాదు. అది ఆ శీతాకాలానిది కాకపోతే కుండలో ఉన్నది కొత్త రంగే. జాకో అబద్ధం ఆడనట్టే. నక్షత్రం నక్షత్రమే. మంగళవారం దాకా ఎలా ఉందో అలాగే అంతా. ఆమె ఆ మాటని నోట్లోకి తెచ్చుకుంది కూడా. కార్డు వెనక కాలిన నక్షత్రం ఎదురుగా నిలబడింది.

"ఎడమవైపు తోక వేరే ఎవరికీ లేదు బాబూ" అంది. "రాసుకోండి. నా చెయ్యే."

పళ్ళెం తీసుకుని ముందుగదిలోకి నడిచింది. నెల్లీ రెండు ముక్కలు ఒకేసారి అందుకుంది. మొన్నియే ఉత్తరపు కిటికీ దగ్గర దీపం నిలబెట్టాడు. అనవసరంగా దాన్ని అటూ ఇటూ జరిపాడు. బ్లూయెట్ పాత కుర్చీలో, పాత బల్ల ముందు కూర్చుని, సొరుగులోంచి గాజుపుల్ల తీసి ఎడమచేత్తో పట్టుకుంది. డయల్ ఆమె ముందు పెట్టాడు. ఆ చెయ్యి విపరీతంగా వణుకుతోంది. కుడిచేత్తో ఎడమ మణికట్టుని బల్లకేసి అదిమి పట్టుకుంది, చిన్నప్పుడు పంతులమ్మ కట్టేసినట్టే. వణుకు ఆగింది.

నెల్లీకి చెయ్యి కాదు, ముఖమే కనబడుతోంది.

"చెయ్యి ఒక్కటే ఏం తీస్తావయ్యా, మనిషిని కూడా పడేలా తియ్యి" అంది నోటినిండా రొట్టెతో. "నవ్వు వదినా, మూతి అలా బిగించుకోకు. ఇవాళ మంచిరోజు."

బ్లూయెట్ ఆమెవైపు తిరిగి నవ్వింది.